యొషితోషి బొమ్మల్లో అంత రక్తం ఎందుకు? ఆయనకు నిజంగా పిచ్చి పట్టిందా?

మీరు అడిగింది ఇదీ: బీఎఫ్‌ఏ మొదటి ఏడు చదువుతున్న మీ తమ్ముడు, త్సుకియోకా యొషితోషి అనే జపాన్ చిత్రకారుడి బొమ్మ ఒకటి ప్రింటు తీయించి గదిలో అంటించుకున్నాడు. తలకిందులుగా వేలాడుతున్న నిండు చూలాలు, కింద కూర్చుని కత్తి నూరుతున్న ముసలిది. అది చూసిన దగ్గర్నుంచీ మీ అమ్మగారికి టెన్షన్. నెట్‌లో వెతికితే ‘పిచ్చి పట్టి పోయిన రక్తపు బొమ్మల చిత్రకారుడు’ అని కనిపించింది. ఆయన నిజంగా పిచ్చివాడా, ఇలాంటివి కూడా కళేనా, ఆ బొమ్మ గోడ మీద ఉండనివ్వచ్చా అన్నది మీ సందేహం.

నేను ముప్పై ఏళ్లుగా పుస్తకాలకూ పత్రికలకూ బొమ్మలు వేస్తున్నాను. చెక్క అచ్చులు చెక్కడం కూడా నా పనిలో భాగమే. యొషితోషి బొమ్మలు చూసి నేర్చుకున్నది నాకు చాలా ఉంది. అందుకే జవాబు కొంచెం పెద్దదైనా ఓపికగా చదవండి.

ముందు ఆ పిచ్చి సంగతి. ఆయనకు మానసిక జబ్బు వచ్చిన మాట నిజమే, అందులో దాచేదేమీ లేదు. కానీ ఏ ఏడు ఏం జరిగిందో వరసగా పెట్టి చూడండి. ఆయన పుట్టింది 1839లో, ఎడోలో, అంటే ఇప్పటి టోక్యోలో. పదకొండో ఏట ఉతగావా కునియోషి అనే పేరున్న చిత్రకారుడి దగ్గర శిష్యుడిగా చేరాడు. రక్తం ఏరులై పారిన బొమ్మలు దాదాపు అన్నీ 1866 నుంచి 1869 లోపు వచ్చినవి. అప్పటికి ఆయన ముప్పై ఏళ్ల లోపు కుర్రాడు, చేతినిండా పని ఉన్నవాడు. జబ్బుతో మంచం పట్టింది 1872లో. లేచి మళ్లీ కుంచె పట్టింది 1873లో. ఇవాళ ప్రపంచం ఆయన్ని తలుచుకునే గొప్ప బొమ్మలన్నీ ఆ తరవాతి ఇరవై ఏళ్లలోనివి. వాటిలో రక్తం చాలా తక్కువ. జబ్బు వల్లే రక్తం గీశాడనే కథ ఈ వరసకు అతకదు.

ఇంకో సాక్ష్యం కూడా ఉంది. అందరూ ఉదాహరణగా చూపించే రక్తపు మాలిక పేరు ‘ఎయిమెయ్ నిజూహాష్షుకు’. 1866, 67లలో వచ్చింది. పేరుమోసిన హంతకులు, హత్యలు, ఒక్కో బొమ్మ పైన కొంత రాత, ఒక చిన్న పద్యం. మొత్తం ఇరవై ఎనిమిది బొమ్మలు. అందులో యొషితోషి వేసినవి పద్నాలుగే. మిగతా పద్నాలుగు వేసింది అదే గురువు దగ్గర చదువుకున్న ఒచియాయ్ యొషిఇకు. ఆయన బొమ్మల్లోనూ రక్తం అంతే ఉంది. మరి యొషిఇకుని ఎవరూ పిచ్చివాడు అనలేదు. తరవాత ఆయన నిక్షేపంగా వార్తాపత్రికలకు బొమ్మలు వేసుకుంటూ బతికాడు.

ఇరవై ఎనిమిది అనే లెక్కలో ఒక చమత్కారం ఉంది, మన తెలుగువాళ్లకు ఇట్టే అర్థమయ్యేది. తూర్పు ఆసియా జ్యోతిషంలో చంద్రుడి మజిలీలు ఇరవై ఎనిమిది, మన నక్షత్రాల్లో అభిజిత్తును కూడా కలుపుకుంటే వచ్చే లెక్క అదే. ఆ మజిలీలను జపాన్ భాషలో ‘నిజూహాష్షుకు’ అంటారు. పలుకు దాదాపు అదే ఉంచి రాతలో అక్షరాలు మార్చితే ‘ఇరవై ఎనిమిది మంది, పద్యాలు’ అన్న అర్థం వస్తుంది. జనం ఎగబడి కొన్న హత్యల బొమ్మలకు పేరు పెట్టడంలో కూడా ఇంత శ్రద్ధ.

ఆ జనం ఎవరు, ఇలాంటివి ఎందుకు కొన్నారు అన్నదే అసలు ప్రశ్న. ఎడో ఊళ్లో కబుకి నాటకాల పిచ్చి బాగా ఉండేది. వాటిలో హత్యలు, దెయ్యాలు, పగలు మామూలే. ‘యొత్సుయా కైదాన్’ అనే దెయ్యం నాటకం 1825లోనే వచ్చి ఊరంతటినీ ఊపేసింది. అందులో ఉన్న నావోసుకే గొన్బెయ్ అనే దుర్మార్గుడిని యొషితోషి ఈ మాలికలో గీశాడు. చంపిన మనిషిని ఎవరూ గుర్తుపట్టకుండా వాడు ముఖం మీది చర్మం ఒలిచేస్తున్నాడు. దన్షిచి కురొబెయ్ అనే ఇంకొకడు బురదలో మామను చంపుతాడు, అది కూడా నాటకంలోదే. అంటే కొన్నవాళ్లకు ఆ కథలు ముందే తెలుసు. మన దగ్గర వీధి నాటకంలో కీచక వధ చూసినవాళ్లు, తోలుబొమ్మలాటలో తలలు తెగిపడటం చూసినవాళ్లు ఎలా చూశారో వాళ్లూ అలాగే చూశారు.

ఇవన్నీ చెక్క అచ్చులతో కాయితం మీద వేసిన బొమ్మలు. వాటిలో రక్తం ఎలా అచ్చు వేశారో చెబుతాను, ఫోన్‌లో చూసేవాళ్లకు ఇది అసలు తెలియదు. ఎర్ర రంగులో తోళ్లు ఉడికించి తీసే బంక ఎక్కువగా కలిపేవాళ్లు. కాయితం ఆరాక కూడా ఆ చోటు మాత్రం తడిగా, చిక్కగా మెరుస్తుంది. బొమ్మను చేత్తో పట్టుకుని కొంచెం వాలిస్తే మిగతా రంగులన్నీ మట్టిలా ఉండిపోతాయి, రక్తం ఒక్కటే వెలుగుతుంది. నేను మొదటిసారి పాత ప్రతిని దగ్గర్నుంచి చూసినప్పుడు వేలికి అంటుతుందేమో అనిపించి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. నూట యాభై ఏళ్ల నాటి కాయితం అది.

అయితే ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ఆ మాలికలో కొన్ని బొమ్మలు నాకు నచ్చవు. ఆడవాళ్లను కట్టేసి చంపే దృశ్యాలు ఉన్నాయి. వాటిలో బాధ కంటే ఆ బాధను చూసే ఆనందం ఎక్కువ కనిపిస్తుంది నాకు. అవి అమ్ముడుపోవాలని గీసినవే. ఎంత అభిమానం ఉన్నా వాటిని నా ఇంట్లో గోడకు తగిలించను. మీ అమ్మగారి భయం ఆ బొమ్మల గురించైతే అది సబబే.

ఆ కాలం కూడా అలాంటిదే మరి. యొషితోషి మొదటి బొమ్మ అచ్చయిన 1853లోనే అమెరికా యుద్ధ నౌకలు ఎడో సముద్రతీరానికి వచ్చాయి. అక్కడి నుంచి పదిహేనేళ్లు దేశం కుతకుత ఉడికింది. బియ్యం ధరలు పెరిగి అల్లర్లు, రోడ్ల మీద కత్తిపోట్లు, చివరికి షోగున్లు అనే సేనాధిపతుల రెండున్నర శతాబ్దాల పాలన కూలిపోవడం. 1868 జులై 4న ఎడోలోనే, ఉఎనో గుట్ట మీద కన్‌ఎయ్‌జీ గుడి దగ్గర, షోగున్ వైపు నిలబడ్డ షోగితాయ్ దళాన్ని చక్రవర్తి సైన్యం ఒక్క రోజులో తుడిచిపెట్టింది. యొషితోషి ఒక శిష్యుణ్ణి వెంటబెట్టుకుని అక్కడికి వెళ్లి చూశాడని ఆయన జీవితం రాసినవాళ్లు చెబుతారు. శవాలను కళ్లారా చూసి వచ్చిన మనిషి ఆ ఏడే ‘కైదాయ్ హ్యకు సెన్సో’ అనే యోధుల మాలిక మొదలుపెట్టాడు. జరుగుతున్న రాజకీయాన్ని నేరుగా గీయడానికి వీల్లేదు కాబట్టి వందల ఏళ్ల కిందటి వీరుల పేర్లు పెట్టాడు. కానీ ఆ ముఖాల్లో ఉన్న అలసట, ఆ పిచ్చి చూపు, ముఖం నిండా ఎండిపోయిన రక్తం పాత కథల్లోవి కావు. ఆ మాలికను, రెండేళ్ల ముందు వేసిన హత్యల మాలికను పక్కపక్కన పెట్టి చూడండి. మొదటి దాంట్లో నటులు పోజు పెట్టినట్టు ఉంటుంది. రెండో దాంట్లో మనుషులు చచ్చిపోతున్నారు. చావును నాటకంలో చూసి గీయడానికీ, వీధిలో చూసి గీయడానికీ ఉన్న తేడా ఇంత స్పష్టంగా నేను ఇంకెక్కడా చూడలేదు.

ఆ తరవాతే పని తగ్గింది, తిండికి కరువైంది. అప్పట్లో ఆయనతో కలిసి ఉన్న ఒకోతో అనే ఆవిడ తన బట్టలు అమ్మి ఇల్లు నడిపిందనీ, చలికి ఇంటి నేల చెక్కలు పీకి పొయ్యిలో పెట్టుకున్నారనీ చెబుతారు. 1872లో మనిషి పూర్తిగా కుంగిపోయాడు. కోలుకున్నాక పేరు మార్చుకుని బొమ్మల మీద ‘తైసో’ అని సంతకం పెట్టడం మొదలుపెట్టాడు. మళ్లీ గొప్పగా బతికి లేవడం అన్న అర్థం అందులో ఉంది. వార్తాపత్రికలు అప్పుడప్పుడే వస్తున్నాయి. వాటికి హత్యలు, ఆత్మహత్యలు, వింతలు బొమ్మలుగా వేసి మెల్లగా నిలదొక్కుకున్నాడు.

ఇప్పుడు మీ తమ్ముడి గోడ మీది బొమ్మ. అది 1885 నాటిది. పేరు ‘ఓషూ అదాచిగహరా హితొత్సుయా’, అంటే అదాచి మైదానంలో ఒంటరి ఇల్లు. రెండు కాయితాలు కిందా పైనా అతికించిన నిలువు బొమ్మ. ఈ కథ ఉత్తర జపాన్‌లో, ఇప్పటి ఫుకుషిమా ప్రాంతంలో చెప్పుకునేది. ఒక పెద్దింటి బిడ్డకు పాలిచ్చి పెంచిన దాది, ఆ బిడ్డ జబ్బు నయం కావాలంటే కడుపులోని శిశువు కాలేయం కావాలని ఎవరో చెబితే నమ్మి, మైదానంలో కాపు కాసింది. ఏళ్ల తరవాత వచ్చిన ఒక గర్భిణిని చంపింది. తరవాత ఆమె ఒంటి మీదున్న రక్ష రేకు చూస్తే తెలిసింది, చిన్నప్పుడు వదిలేసి వచ్చిన సొంత కూతురని. తల్లికి మతి పోయి రాక్షసి అయిపోయింది.

మీరు మళ్లీ ఒకసారి ఆ బొమ్మ ముందు నిలబడి చూడండి. రక్తం ఎక్కడుంది? ఒక్క చుక్క కూడా లేదు. కత్తి ఇంకా నూరుతూనే ఉంది. పొయ్యి పొగ మెల్లగా పైకి లేస్తోంది. ముసలిదాని డొక్కలు లెక్కపెట్టొచ్చు. పైన వేలాడుతున్నది తన కూతురని దానికి ఇంకా తెలియదు, కథ తెలిసిన మనకు తెలుసు. ఆ బొమ్మలో భయమంతా ఇంకా జరగని పనిలో ఉంది. ఇరవై ఏళ్ల కిందట ఇదే మనిషి ముఖం చర్మం ఒలవడం గీశాడు. ఈ సారి కత్తి రాతి మీద నుంచి కదలకుండానే ప్రభుత్వం అమ్మకం నిషేధించేంత భయం పుట్టించాడు. మీ తమ్ముడు దాన్ని ఎంచుకున్నాడంటే కన్ను మంచిదే.

దీని పక్కన పెట్టి చూడాల్సిన బొమ్మ ఇంకొకటి ఉంది. ఆయన 1885 నుంచి 1892 దాకా వేసిన ‘త్సుకి హ్యకుషి’, చంద్రుడి నూరు రూపాలు అనే మాలికలో 1890లో వచ్చిన ‘ఒంటరి ఇంటి చంద్రుడు’. అసజిగహరా అనే ఇంకో మైదానం కథ, ఇదీ దారినపోయేవాళ్లకు చోటిచ్చి చంపే ముసలిది. నిద్రపోతున్న వాళ్ల తల మీద బండ పడేలా తాడు కట్టి ఉంచుతుంది. బొమ్మలో ఆ ముసలిది, చేతిలో తాడు, వెన్నెల. వేలాడే మనిషి కూడా లేదిక. అయిదేళ్లలో ఆయన ఇంకొంచెం తీసేశాడు.

చివరి మాలిక ‘షింకెయ్ సంజూరొక్కాయిసెన్’, 1889 నుంచి 1892 దాకా వేసిన ముప్పై ఆరు దెయ్యాల కథలు. ‘షింకెయ్’ అని రాసిన అక్షరాలకు కొత్త రూపాలు అని అర్థం. అదే పలుకుకు నరాలు అనే అర్థం కూడా ఉంది. అప్పటి కొత్త చదువులవాళ్లు దెయ్యాలన్నీ నరాల బలహీనతే అని కొట్టిపారేసేవాళ్లు. నరాల జబ్బు అనుభవించిన మనిషే తన దెయ్యాల మాలికకు ఆ పేరు పెట్టుకున్నాడు. ప్రతి బొమ్మ అంచూ పురుగు కొట్టిన పాత పుస్తకంలా చిరుగులు చిరుగులుగా గీయించాడు. కియోహిమే అనే అమ్మాయి, తనను కాదని పారిపోయిన సన్యాసి వెంటపడి నది దాటుతూ పాముగా మారిన కథ చూడండి. బొమ్మలో పాము శరీరం లేదు. నీళ్లలోంచి వచ్చిన ఆడపిల్ల, తడిసిన జుట్టు చేతుల్లో పట్టుకుని మెలి తిరిగి ఉంది. ఆ మెలికలోనే పాము ఉంది. ఇంకో బొమ్మలో కియొమోరి అనే పాలకుడికి గది తలుపుల మీది చిత్రమే పుర్రెలుగా కనిపిస్తుంది, తలుపుకున్న గుండ్రటి పట్టులు కళ్ల గుంటలైపోతాయి. జ్వరం వచ్చినప్పుడు పైకప్పు మరకల్లో ముఖాలు కనిపించిన అనుభవం ఎవరికి లేదు?

నాకు అన్నిటికంటే ఇష్టమైనది చంద్రుడి మాలికలోని ‘యూగావ్’, 1886 నాటిది. వెయ్యేళ్ల కిందట మురసాకి షికిబు రాసిన గెంజి కథలో యూగావ్ అనే అమ్మాయి ఉంది. ఈర్ష్యతో రగిలిన ఇంకొక ఆత్మ తాకి ఒక్క రాత్రిలో చనిపోతుంది. యూగావ్ అంటే ఏ పువ్వో తెలుసా? మన సొర పువ్వు. సాయంత్రం విచ్చుకుని పొద్దున్నకు వాడిపోయే ఆ తెల్ల పువ్వే. బొమ్మలో ఆ అమ్మాయి దెయ్యం సొరపాదు మధ్య నిలబడి ఉంటుంది, వెనక నిండు చంద్రుడు. ఒళ్లు పలచబడిపోయి, ఆకులు ఆమెలోంచి కనిపిస్తాయి. మన దెయ్యాలకు కాళ్లు వెనక్కి తిరిగి ఉంటాయంటారు కదా, జపాన్ బొమ్మల్లో దెయ్యాలకు అసలు కాళ్లే ఉండవు. ఈమె కూడా కిందికి వచ్చేసరికి కరిగిపోతుంది. మా అమ్మమ్మ ఇంటి దొడ్లో పందిరి మీద సొరపూలు చీకట్లో తెల్లగా మెరవడం చూసి పెరిగినవాణ్ణి నేను. ఆ బొమ్మ చూసినప్పుడు నాకు భయం వేయదు. ఆ పిల్ల మీద జాలి వేస్తుంది.

ఇవి ఆయన ఒక్కడి పనీ కాదు, ఇది మీ తమ్ముడికి తప్పకుండా చెప్పండి. పెడనలో కలంకారీ అద్దకం చూసి ఉంటే ఈ పద్ధతి సులువుగా అర్థమవుతుంది. గీతకు ఒక అచ్చు, ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు. పెడనలో టేకు మీద చెక్కుతారు, అక్కడ కొండ చెర్రీ చెక్క మీద. చిత్రకారుడు పలచటి కాయితం మీద గీసిచ్చిన బొమ్మను చెక్క మీద బోర్లా అతికించి, దాని మీదుగానే చెక్కేస్తారు. అంటే అసలు బొమ్మ అక్కడితో పోయినట్టే. మనవాళ్లు అచ్చును గుడ్డ మీద ఉంచి పైనుంచి కొడతారు. వాళ్లు అచ్చును వెల్లకిలా పెట్టి రంగు పూసి, పైన కాయితం పరిచి, బారెన్ అనే గుండ్రటి బిళ్ళతో వెనక నుంచి రుద్దుతారు. నుదుటి దగ్గర జుట్టు చెక్కడం అందరికన్నా పెద్ద పనివాడి వంతు. ఒక్కో వెంట్రుకకూ అటూ ఇటూ చెక్క తీసేయాలి, వెంట్రుక మాత్రం నిలబడాలి. నేను ఒకసారి రెండంగుళాల మేర జుట్టు చెక్కడానికి నాలుగు రోజులు కూర్చున్నాను. మూడో రోజు ఉలి జారి ఏడెనిమిది వెంట్రుకలు ఒక్కసారే లేచిపోయాయి, అచ్చు మొత్తం పారేయాల్సి వచ్చింది. యూగావ్ జుట్టు చివరలు చూసినప్పుడల్లా ఆ పేరు తెలియని పనివాడికి దండం పెట్టాలనిపిస్తుంది.

1891లో జబ్బు మళ్లీ తిరగబెట్టింది. ఆసుపత్రిలో పెట్టారు. 1892 జూన్ 9న, యాభై మూడేళ్ల వయసులో మెదడులో రక్తనాళం చిట్లి పోయాడు. పోయేముందు రాసుకున్న చిన్న పద్యంలో కూడా ఉన్నది ఎండాకాలపు చంద్రుడే.

ఆయన రక్తపు బొమ్మల ఊసు అక్కడితో ఆగలేదు. అపరాధ పరిశోధన కథలు రాసిన ఎదొగావా రంపో వాటి మీద ఒక వ్యాసమే రాశాడు. 1988లో మారువో సుఎహిరో, హనావా కజుఇచి అనే మాంగా (జపాన్ బొమ్మల కథలు) చిత్రకారులిద్దరు, పాత హత్యల మాలికకు పోటీగా చెరో పద్నాలుగు బొమ్మలు వేసి పుస్తకం తెచ్చారు. మీ తమ్ముడు మాంగా చదివేవాడైతే ఈ దారిలోనే వచ్చి ఉంటాడు. ఆ పుస్తకం మాత్రం పెద్దవాళ్లదే, చిన్నపిల్లలున్న ఇంట్లో బల్ల మీద పడేసి ఉంచేది కాదు.

ఇక గోడ సంగతి. నేనైతే బొమ్మ తీసేయమని చెప్పను, చోటు మార్చమంటాను. అమ్మగారు పొద్దున్నే ఊడవడానికి వచ్చే గదిలో ఎదురుగా గర్భిణి వేలాడుతుంటే ఎవరికైనా కష్టమే, ఆ మాట మీరే వాడితో నెమ్మదిగా అనొచ్చు. బీరువా తలుపు లోపలి వైపు అంటించుకోమనండి. బయటి గోడకు యూగావ్ పెట్టుకోమనండి. జపాన్ నేషనల్ డయట్ లైబ్రరీ సైట్‌లో చంద్రుడి మాలిక పెద్ద సైజులో ఉచితంగా దొరుకుతుంది. ఫోన్‌లో చూసే చిన్న బొమ్మలతో పని లేదు. ప్రింటు తీయించేటప్పుడు నిగనిగలాడే ఫోటో పేపరు వద్దు, మెరుపు లేని మందపాటి కాయితం మీద తీయించండి. సైజు కూడా అసలుదే ఉంచండి, ముప్పై తొమ్మిది సెంటీమీటర్ల ఎత్తు, ఇరవై ఆరు వెడల్పు ఉంటే చాలు. అమెరికాలో చుట్టాలుంటే ఫిలడెల్ఫియా మ్యూజియంలో ఆయన బొమ్మల పెద్ద సేకరణ ఉందని చెప్పండి. ఎప్పుడు ప్రదర్శనకు పెడతారో ముందే కనుక్కుని వెళ్లాలి. రంగులు వెలిసిపోతాయని ఏడాది పొడవునా వెలుతురులో ఉంచరు.

అమ్మగారికి చూపించాలంటే ‘బరువైన పెట్టె’ బొమ్మతో మొదలుపెట్టండి. పిచ్చుక నాలుక కత్తిరించిన పేరాశ ముసలమ్మ, చిన్న పెట్టె వద్దని పెద్దది తెచ్చుకుని దారిలో మూత తీస్తుంది. లోపల్నుంచి కళ్లు, నాలుకలు, మెడలు పొడుగ్గా సాగిన వింత భూతాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి బయటికి వస్తాయి. ముసలమ్మ వెల్లకిలా పడిపోతుంది. ఆవిడ కూడా చిన్నప్పుడు ఇలాంటి కథలు వినే ఉంటారు. మీ తమ్ముడిని పక్కన కూర్చోబెట్టి, ఆ కథ వాడి చేతే అమ్మకు చెప్పించండి.